కేసులు ఎక్కువయ్యాయా, గడపలు ఎక్కువయ్యాయా?



ఈసారి పోస్టు కాస్త పెద్దది. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే వాదించండి, మాకేం ఇబ్బంది లేదు.

విషయం మన ఏజెన్సీది కాదు, అమెరికాది. అక్కడ చూపులేనివాళ్లు, వినపడనివాళ్లు, చేతులు సరిగ్గా కదపలేనివాళ్లు వాడుకోలేని వెబ్‌సైట్ల మీద ఏటా వేలల్లో కేసులు పడుతున్నాయి. ఇవన్నీ డబ్బు గుంజడానికి వేసే కేసులని వ్యాపారులు మొత్తుకుంటున్నారు. వాటికి అడ్డుకట్ట వేస్తామని కొన్ని రాష్ట్రాల్లో బిల్లులు పెడుతున్నారు. కాన్సస్ అనే రాష్ట్రంలో 2023లో చట్టమే వచ్చింది.

"అమెరికా గొడవ మనకెందుకురా" అనిపిస్తుంది. మాకూ ముందు అట్లాగే అనిపించింది. కానీ ఆ చట్టాలన్నీ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయి. ఆ మాట "దుర్వినియోగం". ఆ మాట మనకు కొత్తది కాదు. 2018లో ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద కూడా ఇదే మాట పడింది. బలహీనుడికి ఒక చట్టం దొరికితే, కొన్నాళ్లకు దాన్ని వాడి పారేస్తున్నాడని ఫిర్యాదు మొదలవుతుంది. అందుకే ఈ గొడవను దూరం నుంచి చూసి వదిలెయ్యకుండా కాస్త లోపలికి వెళ్లి చూద్దాం అనుకున్నాం.

మేం చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాం. దుర్వినియోగం జరుగుతోంది, అది నిజం. ఆపాల్సిందే. కానీ ఆపేటప్పుడు "ఈ మనిషి ఎన్ని కేసులు వేశాడు" అని లెక్కపెట్టడం దారి కాదు. "ఆ వెబ్‌సైట్ బాగుపడిందా లేదా" అని అడగడం దారి.

ముందు అసలు చట్టం సంగతి.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. దాన్ని ఏడీఏ అంటారు. దుకాణం, హోటల్, సినిమా హాలు, ఆసుపత్రి లాంటి జనం వచ్చిపోయే చోట్లలో వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని అందులో ఉంది. మెట్ల పక్కన ర్యాంపు, వీల్‌చైర్ పట్టే తలుపు, బాత్‌రూంలో పట్టుకునే కడ్డీ ఇట్లాంటివన్నీ ఆ చట్టం వల్ల వచ్చినవే. 1990లో ఇంటర్నెట్ మీద అంగళ్లు లేవు కాబట్టి వెబ్‌సైట్ అనే మాట ఆ చట్టంలో లేదు. తర్వాత దుకాణమే ఫోన్లోకి వచ్చేసింది. అప్పుడు మొదలైంది ప్రశ్న: అంగడి ముందు గడప తీసెయ్యాలి సరే, అంగడి వెబ్‌సైట్‌లో ఉన్న గడప సంగతేంటి?

వెబ్‌సైట్‌లో గడప ఏంటని అడుగుతారేమో. చూపులేనివాళ్లు కంప్యూటర్, ఫోన్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అని ఉంటుంది చూడండి, అదే. వెబ్‌సైట్ చేసినవాళ్లు బొమ్మ కింద దాని వివరం రాయకపోతే రీడర్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది. బటన్‌కు పేరు పెట్టకపోతే "బటన్, బటన్, బటన్" అని చదువుకుంటూ పోతుంది. ఏది నొక్కితే డబ్బులు పోతాయో, ఏది నొక్కితే వెనక్కి వెళ్తుందో తెలియదు. ఇవి సరిచెయ్యడానికి డబ్ల్యూసీఏజీ అని ప్రపంచమంతా ఒప్పుకున్న సూచనలు ఉన్నాయి. వెబ్‌సైట్ కట్టేటప్పుడే పాటిస్తే పెద్ద ఖర్చు కాదు. కట్టేశాక మార్చాలంటేనే కష్టం. ఇల్లు కట్టాక కిటికీ పెట్టించినట్టు.

ఎక్కువ మంది చెప్పుకునే కేసు డొమినోస్ పిజ్జా మీద పడింది. కాలిఫోర్నియాలో చూపులేని ఒక మనిషి స్క్రీన్ రీడర్‌తో వెబ్‌సైట్‌లో, యాప్‌లో పిజ్జా ఆర్డర్ చెయ్యబోయాడు, కాలేదు. 2016లో కేసు వేశాడు. మాకు చట్టం వర్తించదని కంపెనీ వాదించింది. 2019 జనవరిలో అప్పీళ్ల కోర్టు వర్తిస్తుందని చెప్పింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్తే అక్టోబరులో ఆ కోర్టు విననన్నది. 2021లో కింది కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి, వెబ్‌సైట్ సరిచెయ్యమని, 4,000 డాలర్లు కట్టమని చెప్పింది. అయిదేళ్లు పట్టింది! ఒక పిజ్జా గురించి అయిదేళ్లా అని నవ్వుకోవచ్చు. కానీ ఆ కంపెనీ వెబ్‌సైట్ సరిచేసి ఉంటే అయిదు రోజుల్లో అయిపోయేది. లాయర్లకు పెట్టిన ఖర్చు వెబ్‌సైట్ మీద పెట్టలేదు.

ఇప్పుడు రెండో వైపు. ఇది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

ఏడీఏ కింద ప్రైవేటు మనిషి వ్యాపారి మీద కేసు వేసి గెలిస్తే నష్టపరిహారం రాదు. సరిచెయ్యమని ఆదేశం వస్తుంది, లాయర్ ఫీజు ఎదుటివాళ్లు కట్టాలి. అంతే. కానీ కాలిఫోర్నియాలో అన్‌రూ అనే రాష్ట్ర చట్టం ఉంది. దాని కింద ఒక్కో ఉల్లంఘనకు కనీసం 4,000 డాలర్లు వస్తాయి. ఒక చోట ఫీజు, ఇంకో చోట పరిహారం. ఈ రెండూ కలిసేసరికి కొందరు లాయర్లకు ఇదొక పంటగా మారింది. ఒకే నమూనా పిటిషన్ తయారుచేసుకుంటారు. దుకాణం పేరు మారుస్తారు, తేదీ మారుస్తారు, వేసేస్తారు. చిన్న దుకాణం వాడికి కోర్టులో పోరాడటం కంటే అడిగింది ఇచ్చి వదిలించుకోవడం చవక. డబ్బులిస్తాడు, కేసు పోతుంది. వెబ్‌సైట్ ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది. చూపులేనివాడికి మిగిలింది ఏంటి? ఏమీ లేదు.

ఒక ఉదాహరణ. న్యూయార్క్‌లో గిఫ్ట్ కార్డుల మీద బ్రెయిలీ లేదని ఒకేసారి గుంపుగా కేసులు పడ్డాయి. పిటిషన్లన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఎంత ఒకటే అంటే, బనానా రిపబ్లిక్ అనే బట్టల దుకాణాన్ని ఒక పిటిషన్‌లో తిండి దొరికే చోటుగా రాసేశారు! పేరులో అరటిపండు ఉంది కదా అనుకున్నారేమో. ఆ కేసులను కింది కోర్టులు కొట్టేశాయి, 2022లో అప్పీళ్ల కోర్టు కూడా అదే నిలబెట్టింది. దీనికి కొత్త చట్టం అవసరం పడలేదని గమనించండి. జడ్జీలు పిటిషన్ చదివారు, అబద్ధం దొరికింది, బయటికి పంపారు.

సంఖ్యలు కూడా చిన్నవి కావు. సేఫార్త్ షా అనే న్యాయ సంస్థ ఈ కేసులను ఏటా లెక్కపెడుతుంది. ఫెడరల్ కోర్టుల్లో వెబ్‌సైట్ కేసులు 2017లో 814. 2018లో 2,258. 2022లో 3,255. రాష్ట్ర కోర్టుల్లో పడేవి ఇందులో లేవు. కేసు దాకా రాకుండా ఉత్తరంతోనే తేలిపోయేవి ఏ లెక్కలోనూ లేవు.

ఈ సంఖ్య పక్కన ఇంకో సంఖ్య పెట్టి చూడండి. యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వెబ్ ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. సగటున ఒక్కో పేజీలో 56కు పైగా. అంటే నూటికి 95 అంగళ్ల ముందు గడప ఉంది. అట్లాంటప్పుడు ఒకే మనిషి యాభై చోట్ల తట్టుకుని పడ్డానంటే అది అబద్ధమే అయ్యుండాలని ఎందుకనుకోవాలి?

ఇక చట్టాల సంగతి.

2018 ఫిబ్రవరి 15న అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లు పాస్ చేసింది. 225 మంది అవునన్నారు, 192 మంది కాదన్నారు. వికలాంగుడు కేసు వేసే ముందు వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, సరిచేసుకోవడానికి నెలల గడువు ఇవ్వాలి అని దాని సారాంశం. అది ముఖ్యంగా కట్టడాల గురించిన బిల్లు. వికలాంగుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న సెనేటర్ ట్యామీ డక్‌వర్త్ దానికి ఎదురు నిలిచారు. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు.

కాన్సస్ చట్టం ఇంకో దారి పట్టింది. వెబ్‌సైట్ మీద కేసు ఎదుర్కొన్న వ్యాపారి, అది దుర్వినియోగపు కేసు అని తేల్చమని ఎదురు దావా వెయ్యొచ్చు. రాష్ట్ర అటార్నీ జనరల్ కూడా వాళ్ల తరఫున వెయ్యొచ్చు. కోర్టు ఏం చూడాలో చట్టమే చెప్పింది: కేసు వేసిన మనిషి, లాయర్ ఇట్లాంటివి ఇంతకుముందు ఎన్ని వేశారు, వ్యాపారం ఎంత చిన్నది, ఎక్కడి కోర్టులో వేశారు, రాజీకి ఎట్లా అడిగారు వగైరా. వ్యాపారి ముప్పై రోజుల్లో సరిచెయ్యడానికి నిజాయితీగా ప్రయత్నిస్తే ఆ కేసు దుర్వినియోగమనే అనుమానంతో మొదలుపెట్టాలని కూడా ఉంది. తేలితే లాయర్ ఖర్చులు కేసు వేసినవాళ్ల మీద పడొచ్చు.

పైకి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. చిన్న దుకాణానికి ఊపిరి ఆడనివ్వాలి కదా. మేం కూడా ఆ మాట కొట్టిపారెయ్యం. మన ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకున్న అన్నకు హఠాత్తుగా ఎక్కడి నుంచో లాయర్ నోటీసు వస్తే గుండె ఆగినంత పనవుతుంది. కానీ మాకు మూడు అభ్యంతరాలు ఉన్నాయి.

ఒకటి. కేసుల సంఖ్య అబద్ధానికి సాక్ష్యం కాదు. అమెరికాలోనే దీనికి పాత కథ ఉంది. ఒకప్పుడు నల్లవాళ్లకు ఇళ్లు అద్దెకు ఇచ్చేవాళ్లు కాదు. ఎందుకివ్వరని అడిగితే "ఖాళీ లేవమ్మా" అనేవాళ్లు. పౌరహక్కుల సంఘాలు ఏం చేశాయంటే, ఒక నల్ల మనిషిని, ఒక తెల్ల మనిషిని ఒకే చోటికి పంపేవి. నల్ల మనిషికి ఖాళీ లేదనేవాళ్లు, తెల్ల మనిషికి ఉందనేవాళ్లు. అబద్ధం బయటపడేది. వీళ్లను టెస్టర్లు అంటారు. నిజంగా ఇల్లు కావాలని వెళ్లినవాళ్లు కాదు, పరీక్షించడానికి వెళ్లినవాళ్లు. వర్జీనియాలో మొదలైన అట్లాంటి ఒక కేసులో 1982లో సుప్రీంకోర్టు, అబద్ధం విన్న నల్ల టెస్టర్‌కు కేసు వేసే హక్కు ఉందని చెప్పింది. అద్దెకు దిగే ఉద్దేశం లేకపోయినా సరే. టెస్టర్ అంటేనే చాలా చోట్లకు వెళ్లేవాడు. "నువ్వు చాలా చోట్లకు వెళ్లావు కాబట్టి నీ మాట నమ్మం" అంటే వివక్షను ఇంకెవరు పట్టుకోవాలి? 2023 డిసెంబరులో ఒక హోటల్ కేసులో, వందల కేసులు వేసిన టెస్టర్‌కు హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న మళ్లీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కేసు వెనక్కి తీసుకున్నందువల్ల కోర్టు తేల్చకుండా వదిలేసింది. అంటే ఆ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. దాన్ని ఇట్లాంటి చట్టాలతో పక్క తలుపులో నుంచి మూసెయ్యాలని చూడటం మాకు నచ్చలేదు.

రెండు. "ముందు చెప్పు, తర్వాత కేసు వెయ్యి" అనే పద్ధతిలో ఒక చిక్కుంది. చట్టం 1990లో వచ్చింది. దాన్ని పాటించే బాధ్యత అప్పటి నుంచే వ్యాపారి మీద ఉంది. నోటీసు వచ్చేదాకా ఆగితే నష్టం లేదని తెలిస్తే ఎవడు ముందుగా సరిచేస్తాడు చెప్పండి? అప్పుడు ప్రతి వెబ్‌సైట్‌నూ వెతికి, తప్పులు రాసి, ఉత్తరం పంపి, గడువు లెక్కపెట్టే పనంతా చూపులేనివాడి నెత్తిన పడుతుంది. ట్రాఫిక్ రూలు ఎవరో ఒకరు ఉత్తరం రాశాకే వర్తిస్తుందంటే హెల్మెట్ ఎవరైనా పెట్టుకుంటారా?

మూడు. ఇది అన్నిటికంటే ముఖ్యం. అసలు తప్పు ప్రభుత్వానిది. ప్రైవేటు వెబ్‌సైట్ ఎట్లా ఉండాలో కచ్చితమైన నియమం రాస్తామని అమెరికా న్యాయశాఖ 2010లో మొదలుపెట్టింది. ఏడేళ్లు నానబెట్టి 2017 డిసెంబరులో ఆ ప్రయత్నం వదిలేసింది. 2024లో నియమం రాసింది కానీ అది రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల వెబ్‌సైట్లకే. ప్రైవేటు వ్యాపారాలకు కాదు. అందుకే ఒక అప్పీళ్ల కోర్టు ఒక రకంగా, ఇంకో అప్పీళ్ల కోర్టు ఇంకో రకంగా చెప్తున్నాయి. ఈ సందిగ్ధంలోనే దొంగ లాయరు బతుకుతున్నాడు, నిజాయితీ వ్యాపారి చస్తున్నాడు. నియమం రాయనివాడిని వదిలేసి, కోర్టుకు వెళ్లినవాడిని దోషిగా నిలబెట్టడం ఏం న్యాయం?

ఇక్కడ మన 2018 గుర్తు చేసుకోవాలి.

అమెరికా ప్రతినిధుల సభ ఆ బిల్లు పాస్ చేసిన నెల రోజులకు, 2018 మార్చి 20న, మన సుప్రీంకోర్టు సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో తీర్పిచ్చింది. అట్రాసిటీ చట్టం దుర్వినియోగం అవుతోందని, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలని చెప్పింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. కొన్ని ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చి ఆ షరతులు తీసేసింది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన ఆదేశాలను తానే వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది.

రెండూ ఒకటేనని మేం అనట్లేదు. అట్రాసిటీ చట్టం క్రిమినల్ చట్టం, అరెస్టుంటుంది, జైలుంటుంది. వెబ్‌సైట్ కేసు సివిల్ దావా, అందులో పోయేది డబ్బు. అట్రాసిటీ కేసు వేసిన మన మనిషికి ఊళ్లో బతుకే ప్రమాదంలో పడుతుంది, అమెరికాలో పిటిషన్లు అచ్చేసే లాయరుకు ఆ ప్రమాదం లేదు. ఈ తేడాలు పెద్దవే. కానీ వాదన నడిచే దారి మాత్రం ఒకటే. కొన్ని చెడ్డ కేసులు చూపించి, చట్టం వాడుకునే జనం మొత్తాన్ని అనుమానించడం. కేసు వేసే ముందు ఇంకో మెట్టు పెట్టడం. మెట్టు పెట్టేది ఎవరికి? మెట్లు ఎక్కలేనివాళ్లకే.

మన దగ్గర పరిస్థితి అమెరికాకు తలకిందులు అని కూడా చెప్పుకోవాలి. అక్కడ కేసులు ఎక్కువని ఏడుపు, ఇక్కడ కేసులే తక్కువ. చట్టం లేక కాదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సేవలందించే ప్రతి సంస్థా, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, వాటిని అందరికీ అందుబాటులో పెట్టాలని అందులో ఉంది. ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా జరిమానా, తర్వాత యాభై వేల నుంచి అయిదు లక్షల దాకా. కాగితం మీద అంతా బాగుంది. ఆ జరిమానా కట్టినవాడు మాకు తెలిసి మా జిల్లాలో ఒక్కడూ లేడు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలను ఉత్త సలహాలుగా వదిలేసిన నియమం చెల్లదని, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో రాయమని చెప్పింది. ఆ కేసులో కోర్టు కోసం పరిశీలన చేసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఆరు నెలలకు, 2025 ఏప్రిల్ 30న, ప్రజ్ఞా ప్రసూన్ కేసులో కోర్టు ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. బ్యాంకు కేవైసీలో కళ్లు ఆర్పమంటారు కదా, యాసిడ్ దాడిలో కళ్లు పోయినవాళ్లు, పుట్టు అంధులు ఎట్లా ఆర్పుతారు? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ పద్ధతి మార్చమని ఇరవై ఆదేశాలు ఇచ్చింది. ఒక్క విషయం చూడండి. ఈ రెండు తీర్పులూ ఎవరో కేసు వేస్తేనే వచ్చాయి. ప్రభుత్వం నిద్రలేచి తనంతట తాను చెయ్యలేదు.

ఇది మన హాస్టళ్లకు దూరం సంగతి కాదు. మాతో చదివే ఒక మిత్రుడికి చూపు దాదాపు లేదు. టాక్‌బ్యాక్‌తో ఫోన్ మాకంటే వేగంగా వాడతాడు. కానీ ఫీజుల కోసం నింపాల్సిన ఆన్‌లైన్ ఫారంలో వంకర అక్షరాల క్యాప్చా వస్తే ఆగిపోతాడు. వినిపించే క్యాప్చా లేదు. అప్పుడు పక్కవాడిని పిలవాలి, లేదా నెట్ సెంటర్‌కు పోవాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అన్నీ వేరేవాడి చేతిలో పెట్టాలి. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేమే. మాకు ఫారం నింపిపెట్టే అన్నలు, అక్కలు ఇంట్లో లేరు. ఫారం మేమే నింపుకోవాలి. అట్లాంటప్పుడు వాడు తన ఫారం తాను నింపుకోలేకపోవడం అంటే వాడి చదువు ఇంకొకరి దయ మీద ఉన్నట్టు. సాయం చెయ్యడానికి మేం ఉన్నాం, చేస్తాం. కానీ హక్కుగా దొరకాల్సింది సాయంగా దొరకడం ఎట్లా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మరి దొంగ కేసులను ఆపేదెట్లా? విమర్శించి ఊరుకోవడం మా పద్ధతి కాదు. మాకు తోచింది ఇదీ.

మొదటిది, నియమం రాయండి. ఏ స్థాయి పాటిస్తే చాలో, ఎప్పటిలోగా పాటించాలో, చిన్న దుకాణానికి ఎంత గడువో ప్రభుత్వం కచ్చితంగా రాసేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. పాటించినవాడు ధైర్యంగా ఉంటాడు, పాటించనివాడికి సాకు ఉండదు.

రెండోది, సరిచెయ్యకుండా రాజీ కుదరనివ్వొద్దు. డబ్బు చేతులు మారి వెబ్‌సైట్ మారకపోతే అది రాజీ కాదు, బేరం. ఏ తేదీలోగా ఏది సరిచేస్తారో కోర్టులో రాసి పెట్టాలి. సరిచేశాకే లాయర్‌కు ఫీజు అందాలి. అప్పుడు చూడండి, డబ్బు కోసమే వేసేవాడికి ఆసక్తి పోతుంది, నిజంగా వాడుకోవాలనుకున్నవాడికి పని జరుగుతుంది. రెండు పిట్టలూ ఒకే రాయికి.

మూడోది, అబద్ధం చెప్పినవాడిని పట్టుకోండి, అందరినీ కాదు. ఎప్పుడూ పోని చోటికి పోయానని రాస్తే, చూడని వెబ్‌సైట్ చూశానని రాస్తే, ఆ లాయర్ మీద చర్య తీసుకోండి. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ జిల్లా అటార్నీలు ఇట్లాంటి ఆరోపణతోనే ఒక లాయర్ల సంస్థ మీద దావా వేశారు. పిటిషన్లలో రాసిన మాటలకు చట్టపరమైన రక్షణ ఉందని కోర్టు దాన్ని కొట్టేసింది. మార్చాల్సిన చట్టం ఏదన్నా ఉంటే అది. అబద్ధానికి ఉన్న రక్షణ తియ్యాలి, వికలాంగుడికి ఉన్న రక్షణ కాదు. 2015లో కాలిఫోర్నియా, ఏడాదిలో పదికి పైగా కట్టడాల కేసులు వేసేవాళ్ల మీద అదనంగా వెయ్యి డాలర్ల ఫీజు పెట్టింది. ఏమైంది? కేసులు ఆగలేదు, ఆ ఫీజు లేని ఫెడరల్ కోర్టులకు మారాయి. లెక్కపెట్టే పద్ధతి ఆ రాష్ట్రంలోనే పనిచెయ్యలేదు.

నాలుగోది, చిన్నవాళ్లకు చెయ్యి అందించండి. అమెరికాలో చిన్న వ్యాపారులు వికలాంగుల కోసం పెట్టే ఖర్చులో ఏటా 5,000 డాలర్ల దాకా పన్నులో తగ్గించుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. అది ఎంతమందికి తెలుసు? నోటీసు పంపే లాయర్ కంటే ముందు ఈ సమాచారం పంపే ఉద్యోగి వాళ్ల గడప తొక్కాలి. అట్లాగే చిన్నవాళ్ల భయాన్ని అమ్ముకునేవాళ్లను కూడా ఆపాలి. ఒక్క లైను కోడ్ పెడితే చాలు, వెబ్‌సైట్ మొత్తం చట్టప్రకారం అయిపోతుందని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు వసూలు చేసే ఆదేశం ఇచ్చింది. కేసు భయంతో మందు కొనుక్కున్న దుకాణదారుడికి దొరికింది మందు కాదన్నమాట.

ఈ నాలుగూ చేశాక కూడా దొంగ కేసులు మిగిలితే అప్పుడు ఇంకో చట్టం గురించి మాట్లాడుకోవచ్చు. ఇవేవీ చెయ్యకుండా ముందే తలుపు మూసేస్తామంటే, వాళ్ల బాధ దొంగ కేసుల గురించి కాదు, అసలు కేసుల గురించి అని మాకు అనుమానం.

రేపు మన దగ్గర కూడా వికలాంగుల చట్టం కింద కేసులు పెరుగుతాయి. పెరగాలి కూడా. ఆ రోజున ఎవరో ఒకరు టీవీలో కూర్చుని "దుర్వినియోగం" అంటారు. అప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఇప్పుడే నేర్చుకుందాం: ఎన్ని కేసులు పడ్డాయని కాదు, ఎన్ని గడపలు తీశారని.

చివరగా ఒక పని. ఈ వారం మీ ఫోన్లో సెట్టింగ్స్‌కు వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యండి. ఎట్లా ఆపాలో ముందే తెలుసుకోండి, లేకపోతే ఫోన్ పట్టుకుని తిరగాలి. తర్వాత కళ్లు మూసుకుని, మనం ప్రతి ఏడాది నింపే ఫారాల్లో ఒకటి తెరిచి చివరిదాకా పోగలరేమో చూడండి. ఎక్కడ ఆగిపోయారో రాసి పెట్టుకోండి. నాలుగైదు హాస్టళ్ల నుంచి అట్లా రాసినవి వస్తే, అందరం కలిసి సంతకాలు పెట్టి సంబంధిత ఆఫీసుకు, జిల్లా కలెక్టర్‌కు, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపుదాం. నోటీసు ఇచ్చాకే సరిచేస్తామంటారు కదా, ఆ నోటీసు మనమే ఇద్దాం. ఆ తర్వాత కూడా కదలకపోతే కోర్టు ఉండనే ఉంది.

జై భీమ్. జై ఆదివాసీ.